సంతెకూడ్లూరు హోలీకి వస్తున్నారా? అక్కడ ఏది ఆట, ఏది మొక్కు అన్నది ముందు తెలుసుకోండి

ఫాల్గుణ పున్నమి దగ్గరపడితే చాలు, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "మీ ఆదోని దగ్గర ఏదో ఊర్లో మగవాళ్లు చీరలు కట్టుకుని హోలీ చేస్తారంట కదా, చూడ్డానికి రావచ్చా?" రావచ్చు. పండక్కి వచ్చినవాళ్లను పొమ్మనే అలవాటు ఈ సీమలో లేదు. కాకపోతే వచ్చేముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. అది విప్పుకోకుండా వస్తే మంచి మనసుతో వచ్చినవాళ్లు కూడా తెలియకుండానే ఎవరో ఒకరిని నొప్పించి పోతారు.

హోలీకి వెళ్లేవాళ్లకు ఎక్కడ చూసినా దొరికే సలహాలు మీకు తెలిసినవే. పాత బట్టలు వేసుకోండి, ఒంటికి కొబ్బరినూనె పట్టించండి, ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, ఎవరైనా రంగు పూస్తే కోప్పడకండి. మధురకో జైపూర్‌కో పోతే ఇవి పనికొస్తాయి. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో సగం కూడా పనికిరావు, ఎందుకంటే అవన్నీ రంగుల ఆట కోసం చెప్పినవి, ఇక్కడేమో ఆ పున్నమి చుట్టూ మూడు వేర్వేరు పనులు జరుగుతాయి: రాత్రి కామదహనం, పగలు రంగులు, గుడి దగ్గర మొక్కులు. రంగుల్లో అయితే మీరూ ఆడేవాళ్లే. కామదహనం దగ్గర చూసేవాళ్లు. మొక్కు దగ్గర మాత్రం మీరు ఇంకొకరి పూజ మధ్యలో నిలబడి ఉంటారు. తాము ఈ మూడింట్లో దేని దగ్గర ఉన్నారో తెలియకపోవడం వల్లనే వచ్చినవాళ్లు తప్పులు చేస్తారని నా గట్టి అభిప్రాయం.

ముందు కథ సంగతి చూద్దాం. ఉత్తరాదిలో హోలీ అంటే హోలిక కథ. హిరణ్యకశిపుడి చెల్లెలు, నిప్పు తనను ఏమీ చేయదన్న వరం చూసుకుని ప్రహ్లాదుణ్ణి ఒళ్లో పెట్టుకుని మంటల్లో కూర్చుంది. ఆమె కాలిపోయింది, పిల్లవాడు బతికాడు. ఆ ప్రహ్లాదుడు మనకు కొత్తవాడేమీ కాదు. నరసింహస్వామి స్తంభాన్ని చీల్చుకుని వచ్చింది అహోబిలంలోనేనని, అక్కడి ఉక్కుస్తంభమే ఆ స్తంభమని మన నమ్మకం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నంద్యాలకు పోయింది గానీ, అంతకుముందు అహోబిలం కర్నూలు జిల్లాదే. అనంతపురం వైపు కదిరిలో అయితే స్వామి పక్కనే ప్రహ్లాదుడు నిలబడి పూజలందుకుంటాడు (కదిరి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా). ఈ రెండు చోట్లా బ్రహ్మోత్సవాలు జరిగేది ఫాల్గుణంలోనే. ఇంత దగ్గర చుట్టరికం ఉన్నా, పున్నమి రాత్రి మన పల్లెల్లో మంట వేసేది హోలిక కోసం కాదు, కాముడి కోసం. ప్రహ్లాదుడు గుళ్లలో, తేరు దగ్గర ఉండిపోయాడు, ఊరి మధ్య మంట మన్మథుడి పాలైంది.

ఎందుకలా అంటే పడమటి వైపు చూడాలి. ఆదోని, కోసిగి, హొళగుంద, ఆలూరు అన్నీ కర్ణాటకకు ఆనుకున్న ఊళ్లు. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం, సంతకు పోవడం, అన్నిటికీ బళ్లారి, రాయచూరు వైపు రాకపోకలే. బళ్లారి దాటి ఇంకొంచెం పోతే హంపి. తపస్సులో ఉన్న శివుడి మీద మన్మథుడు పూలబాణం వేసి, మూడోకంటి మంటకు బూడిదైంది అక్కడి హేమకూటం మీదేనని స్థలపురాణం. అంటే ఈ సరిహద్దు పల్లెలకు కాముడి కథ ఎక్కడో హిమాలయాల్లో జరిగింది కాదు, బస్సెక్కితే చేరుకునే గుట్ట మీద జరిగింది. ఆ కథలో జనం మనసుకు పట్టింది శివుడి కోపం కంటే రతీదేవి ఏడుపు అని నాకనిపిస్తుంది. దేవతల పని మీద పోయిన మొగుడు బూడిదైపోతే, ఆమె శివుడి ముందు పడి ఏడ్చి, కనీసం శరీరం లేకుండానైనా అతణ్ణి వెనక్కి తెచ్చుకుంది. కర్ణాటక పల్లెల్లో కాముడు కాలుతుంటే జనం నోరు కొట్టుకుంటూ లబలబలాడతారు. మోటు పాటలు కూడా వినిపిస్తాయి. వినలేకపోతే మెల్లగా పక్కకు రండి గానీ అక్కడ నిలబడి ఇదేం సంస్కృతి అని వాదన పెట్టుకోకండి, ఏడాదికి ఒక్క రాత్రి నోటికి కళ్లెం తీయడం అన్నది వసంతం పండగల్లో చాలాచోట్ల ఉన్నదే.

ఇక సంతెకూడ్లూరు. ఆదోని దగ్గర పల్లె, రతీమన్మథులకు అక్కడ గుడి ఉంది. మన్మథుడికి గుడి ఉండటమే అరుదు. హోలీ రోజుల్లో ఊరి మగవాళ్లు ఆడవేషం కట్టి ఆ గుళ్లో పూజ చేస్తారు. మీరు ఫోన్లో చూసే వీడియోల్లో కనిపించేది అందులో చివరి పావు వంతు మాత్రమే. అసలు పండగ ఇంట్లోనే మొదలవుతుంది. పెళ్లామో అక్కో వదినో దగ్గరుండి చీర కట్టాలి, ఎందుకంటే కుచ్చిళ్లు పెట్టుకోవడం ఆ మనిషికి రాదు, రెండడుగులు వేస్తే జారిపోతుంది. గాజులు చేతికి ఎక్కవు, సబ్బు నురగ రాసి ఎక్కించాలి. జుట్టుకు సవరం పెట్టి మల్లెపూలు చుట్టాలి, ఇంట్లో ఉన్న దండో హారమో మెళ్లో వెయ్యాలి. మీసం అలాగే ఉంటుంది, దాని పైన ముక్కుపుడక, నుదుట కుంకుమ. అప్పుడు పళ్లెంలో నైవేద్యం సర్దుకుని, ఇంటివాళ్లందరితో కలిసి మేళాల వెంట గుడికి నడుస్తాడు. వాళ్లలో సేద్యం చేసుకునేవాళ్లుంటారు, చదువుకుని పట్నంలో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన కుర్రవాళ్లుంటారు. ఎవరి కోరిక వాళ్లది: వానలు పడాలి, పంట చేతికి రావాలి, ఒంట్లో బాగుండాలి, ఇంట్లో పెళ్లి కుదరాలి. కోరిక తీరితే మొక్కు చెల్లించాలి, అంతే. కర్ణాటక వైపు నుంచి కూడా జనం వస్తారు.

ఇది ఈ ఒక్క పల్లె వింత అనుకుంటే పొరపాటు. తిరుపతి గంగమ్మ జాతరలో మగభక్తులు ఆడవేషాలు కట్టడం మన సీమలో అందరికీ తెలుసు. కేరళలో కొల్లం దగ్గర కొట్టంకుళంగర అమ్మవారి గుడిలో మార్చి నెలలోనే వేలమంది మగవాళ్లు చీరలు కట్టి దీపాలు పట్టుకుని నిలబడతారు. దేవుడి ముందుకు పోయేటప్పుడు మగవాడినన్న బింకాన్ని గుడి బయట వదిలేసి పోవడం దక్షిణాదిలో పాత పద్ధతే. సంతెకూడ్లూరులో ఆ గుడి రతీమన్మథులది కాబట్టి నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది: ఆ కథలో అడిగి సాధించుకున్నది రతీదేవి, కాబట్టి వరం అడగడానికి వచ్చిన మగవాడు ఆమె వేషంలో వచ్చి నిలబడుతున్నాడు. ఊరి పెద్దలను అడిగితే మాత్రం ఇంత దూరం లాగరు, తాతల కాలం నుంచి వస్తోంది, చేస్తే మంచి జరుగుతోంది అంటారు. ఆ మాటకు మర్యాద ఇవ్వాలి.

ఇప్పుడు నాకు నిజంగా కడుపు మండే విషయానికి వస్తాను. ఫోన్లు. తిరుమలలో గుండు చేయించుకుని కోనేటి వైపు నడుస్తున్న మనిషి మొహానికి అడుగు దూరంలో కెమెరా పెట్టి "అన్నా, ఒకసారి నవ్వన్నా" అని ఎవరైనా అంటామా? సంతెకూడ్లూరులో చీర కట్టుకుని నైవేద్యం పట్టుకుపోతున్న మనిషి చేస్తున్నదీ అదే పని, మొక్కు చెల్లించడం. ఆయన్ను చుట్టుముట్టి, వెనకాల ఏదో సినిమా పాట పెట్టి, కింద నాలుగు వెకిలి మాటలు రాసి వదిలేస్తే, అది ఆయన పనిచేసే చోటికీ, కూతురి కాలేజీకీ పోతుంది, అలాంటివి పోతున్నాయి కూడా. అలా రాసే వెకిలి మాటలు ఆయన ఒక్కడికే తగలవు, రోజూ చీర కట్టుకుని బతికే హిజ్రాలకూ అంతే తగులుతాయి. మొక్కు కోసం ఒక రోజు వేషం కట్టిన రైతు, ఎల్లమ్మకు అంకితమైన జోగప్ప, హిజ్రా, వీళ్లు ముగ్గురూ ఒకటి కాదు. ముగ్గురిలో ఎవరూ నవ్వులాటకు దొరికినవాళ్లూ కాదు.

ఫొటో తీయకూడదని నేననడం లేదు. ఊరేగింపును దూరం నుంచి తీస్తే ఎవరూ ఏమీ అనరు, చాలామందికి సంతోషం కూడా. ఒక మనిషి మొహం దగ్గర్నుంచి కావాలంటే మాత్రం పూజ అయ్యాక, పళ్లెం కింద పెట్టాక, పోయి "అన్నా, ఒక ఫొటో తీసుకుంటా, నెట్‌లో పెట్టొచ్చా" అని రెండు ప్రశ్నలూ అడగండి. మొదటిదానికి సరే అన్నవాళ్లు రెండోదానికి వద్దనొచ్చు. ఇళ్లలో చీర కట్టించుకుంటున్నప్పుడు తలుపు సందుల్లోంచి తీయడం ఎంతమాత్రం వద్దు, అక్కడ ఆ ఇంటి ఆడవాళ్లు కూడా ఉంటారు. ఊరి పెద్దలతోనూ పోలీసులతోనూ మాట్లాడకుండా డ్రోన్ ఎగరేయకండి.

"మేమూ చీర కట్టుకుంటే?" అని అడిగేవాళ్లున్నారు. మొక్కు ఉంటే కట్టుకోండి, గుడి దగ్గర పూజారినో పెద్దలనో అడిగితే పద్ధతి చెబుతారు. రీల్ కోసమైతే వద్దు.

ఇంకో సంగతి, ఉత్త చేతులతో రాకండి. బయటివాళ్లు ఇంకొకరి గుడికి ఎలా రావాలో చూడాలంటే ఉగాది నాడు కడపలో దేవునికడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి పోవాలి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ అల్లుడని చెప్పుకుని ముస్లిం కుటుంబాలు పొద్దున్నే పిల్లాజెల్లాతో క్యూలో నిలబడతాయి. కొబ్బరికాయ కొట్టి, తీర్థం తీసుకుని, హారతి కళ్లకద్దుకుని పోతాయి. తమ మతం వదిలింది లేదు, ఎదుటివాళ్ల పూజకు అడ్డం పడిందీ లేదు. మీరు ఏ మతంవారైనా, అసలు దేవుణ్ణే నమ్మకపోయినా, ఒక టెంకాయ, రెండు అగరుబత్తీలు, పూలు చేతిలో ఉంటే చాలు, ఊరివాళ్లు మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. దర్శనానికి వచ్చినవాళ్లకు వాళ్లే దారి చూపించి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతారు. చెప్పులు గుడికి చాలా ముందే వదలండి. తాగి మాత్రం రాకండి.

రంగుల దగ్గరికి వస్తే కట్టుబాట్లు చాలావరకు సడలుతాయి, ఆట కాబట్టి. ఆదోని పెద్ద పత్తి మార్కెట్ ఉన్న ఊరు, వ్యాపారం మీద వచ్చి స్థిరపడిన ఉత్తరాది కుటుంబాలు ఉన్నాయి, కాబట్టి టౌన్లో గులాలు చల్లుకునే హోలీ కనిపిస్తుంది. దాన్ని చూసి "ఇదంతా సినిమాలు చూసి నేర్చుకున్నది, మనది కాదు" అని పెదవి విరిచే పెద్దమనుషులున్నారు గానీ, వసంతాలాడటం మనకు కొత్త కాదు. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ల మీద వసంతోత్సవం చెక్కి ఉంది. కొండవీటి కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదే ఉంది. గుళ్లలో ఉత్సవాల చివర వసంతోత్సవం ఇప్పటికీ చేస్తారు. పసుపునీళ్లలో కొంచెం సున్నం వేసి కలిపితే చూస్తుండగానే నీళ్లు ఎర్రబడతాయి, వసంతమంటే అదే, దానికి ఏ కంపెనీ రంగూ అక్కర్లేదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి మొహం మీద మాత్రం కొట్టకూడదు. మోదుగుపూలు దొరికితే వేడినీళ్లలో నానబెట్టండి, నారింజరంగు వస్తుంది. వెండిరంగు పెయింట్లు, ఇంజన్ ఆయిల్ పూసుకోవడం ఈ మధ్య పిల్లల్లో మొదలైంది, అది ఆట కాదు.

చల్లే ముందు ఎవరి మీద చల్లకూడదో చూసుకోండి. నైవేద్యం పట్టుకుపోతున్నవాళ్ల మీద వద్దు. కదిరి తేరు మీద దవనం, మిరియాలు చల్లేది మొక్కు. గులాలు చల్లేది ఆట. ఒకదానిలోకి ఇంకోదాన్ని తేవద్దు. 2024, 2025, 2026 మూడేళ్లూ హోలీ రంజాన్ నెలలోనే పడింది. ఆదోని, కర్నూలు, కడప లాంటి ఊళ్లలో ఉపవాసంతో నమాజుకు పోయే మనిషి తెల్లబట్టల మీద రంగు పోయడం సరదా అనుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, అలాంటివాళ్లు రాకపోతేనే మేలు. ఆడవాళ్ల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి: హోలీ కదా అన్నది ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయడానికి లైసెన్స్ కాదు. పల్లెల్లో ఆడవాళ్లు ఆడవాళ్లతో, వరసైనవాళ్లతో ఆడుకుంటారు, బయటి మగవాడు ఆ గుంపులోకి దూరకూడదు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు ఏదైనా కుటుంబంతో కలిసి ఉంటే మేలు, ఏ ఇంటి అరుగు మీద కూర్చుని "అమ్మా, కాసేపు మీ దగ్గరుంటా" అన్నా కాదనరు. చీకటిపడ్డాక, మందు తిరిగాక టౌన్ సందుల్లో ఉండకండి, ఇబ్బందనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

నీళ్ల సంగతి మర్చిపోవద్దు. తుంగభద్ర దిగువ కాలువ మీద ఆధారపడ్డ ప్రాంతం ఇది, ఎండలు మొదలయ్యేసరికి బిందెల దగ్గర టెన్షన్ మొదలవుతుంది. పున్నమి నాటికి ఈ పల్లెల్లో చాలా ఇళ్లకు తాళాలుంటాయి, పనికి పోగలిగినవాళ్లు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతలకో బెంగళూరు కట్టడాలకో పోయి ఉంటారు. ముసలివాళ్లు, పిల్లలు మిగిలిన ఊరికి వచ్చి ట్యాంకర్ పెట్టించి రెయిన్ డ్యాన్స్ చేస్తామంటే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. పొడి రంగులు చాలు. తాగే నీళ్లు మీవి మీరే తెచ్చుకోండి.

సుగాలీ తండాల హోలీ ఇంకో లోకం. కర్నూలు, అనంతపురం తండాలకు హోలీ ఏడాదికంతా పెద్ద పండగ, వాళ్ల పాటలు వేరు, ఆటలు వేరు, ఆ ఏడాది పుట్టిన మగపిల్లవాడికి ధూండ్ అనే వేడుక చేస్తారు. అది ఒక ఇంటి వేడుక కాబట్టి పిలిస్తేనే పోవాలి. పిలిస్తే మటుకు తప్పకుండా పోండి. దారిలో ఆడవాళ్లు అటకాయించి పాట పాడి మామూలు అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.

తేదీ విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఉత్తరాదివాళ్లకు పున్నమితో నెల అయిపోతుంది, మనకు అమావాస్యతో. అందుకే వాళ్లకు రంగుల రోజు చైత్రంలో మొదటిదైతే మనకింకా ఫాల్గుణం సగం మిగిలే ఉంటుంది, ఉగాది ఇంకో పక్షం తర్వాత. పున్నమి తిథి ఒక రోజు మధ్యాహ్నం మొదలై రెండో రోజు దాకా ఉంటే కామదహనం ఎప్పుడు, రంగులు ఎప్పుడు అన్నది ఊరికో రకంగా మారుతుంది. 2026లో మార్చి 3న పున్నమి నాడే సంపూర్ణ చంద్రగ్రహణం కూడా పడి ఈ తికమక ఇంకా పెరిగింది. 2027లో పున్నమి మార్చి 22న, ఉగాది ఏప్రిల్ 7న. క్యాలెండర్ చూసి రైలు టికెట్ తీసుకునే ముందు, ఆదోనిలో తెలిసినవాళ్ల ద్వారా ఊరిలో ఏ రోజు చేస్తున్నారో కనుక్కోండి.

హోలీకి రాలేకపోతే ఉగాది మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలకు రండి. అక్కడ పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్లి విషయంలో వచ్చిన తగాదాలో ఇరువైపులవాళ్లు పిడకలతో కొట్టుకున్నారని, చివరికి పెద్దలు కూర్చుని రాజీ చేశారని కథ. ఊరు రెండు వర్గాలుగా చీలి ఆ తగాదానంతా మళ్లీ ఆడుతుంది. పిడకలు గాల్లో లేస్తుంటే ఎదుట మనిషి కనిపించనంత దుమ్ము రేగుతుంది, తలలు పగులుతాయి, దెబ్బ తగిలినవాడు గుళ్లో విభూతి రాసుకుని వెనక్కి వచ్చి మళ్లీ నిలబడతాడు, దెబ్బ కొట్టినవాడి మీద ఎవరికీ పగ ఉండదు. కింద వీధిలో నిలబడాలని సరదాపడకండి, దెబ్బ తగలాల్సింది మొక్కుకున్నవాళ్లకు. ఎవరినైనా అడిగి మిద్దె మీద చోటు చూసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు రాకపోవడం మంచిది. వీడియో దొరకగానే బయటివాళ్లంతా బండ్లు ఎక్కేస్తారు గానీ, ఆ తగాదా అంతా జరిగింది పెళ్లి కోసం. స్వామికీ అమ్మవారికీ కల్యాణం ఆ తర్వాత ఉంటుంది, దానికి ఉండండి. పొద్దుపోయాక ఆదోని వైపు ఆటోలు దొరకడం కష్టం, వెళ్లేటప్పుడే తిరుగు బండి మాట్లాడుకోండి.